బొడ్డుతాడూ, ఒంటి తుమ్మూ

రేవులంక ఏరియా ఆసుపత్రిలో ఆలస్యం కాకుండా జరిగే పని ఒక్కటే ఉండేది. అది బిడ్డ బొడ్డు కొయ్యడం.

మిగిలిన పనులన్నీ ఎవరి తీరికను బట్టి వారు చేసేవారు. లిఫ్టు ఆగిపోయి ఎన్నాళ్లయిందంటే, అది మనుషులు ఎక్కడానికి పెట్టిందన్న సంగతి కూడా మరిచిపోయి అందులో చీపుళ్లు, ఫినాయిలు డబ్బాలు దాచుకుంటున్నారు. రక్తపరీక్ష ఫలితం వచ్చేలోగా రోగికి జబ్బు తగ్గిపోయి, మళ్లీ తిరగబెట్టేది. కాన్పుల గదిలో మాత్రం బిడ్డ కేరుమనేలోపే కత్తెర కిర్రుమనేది. వరండాలో ఇంకో తల్లి నొప్పులు పడుతుంటే బల్ల ఖాళీ కావాలి కదా! ఈ చురుకుదనానికి మెచ్చి పైవాళ్లు ‘సత్వర సేవా షీల్డు’ ప్రకటించారు. ఆ షీల్డు చేరేసరికి దాన్ని ప్రకటించిన అధికారి రిటైరైపోయాడు.

అటువంటి ఆసుపత్రి మెట్లెక్కింది పేరంటాలమ్మ, మనవరాలు సత్యవేణి చెయ్యి పట్టుకుని. సత్యవేణికి ఇది తొలి కాన్పు. నెలలు ఇంకా నిండలేదు. కాళ్లకు నీరు దిగింది, మొహం వెల్ల వేసిన గోడలా ఉంది.

పేరంటాలమ్మ కంగారు మనిషి. పాలు పొంగితే కంగారు, పొంగకపోతే విరిగాయేమోనని కంగారు. బడి మొహం చూడలేదు గాని, బెల్లం పొట్లాలు విప్పి ఆ కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. గోడ మీద రాత కనిపిస్తే పూర్తిగా చదవందే అడుగు ముందుకు వెయ్యదు. కానీ ఆవిడ అసలు భయం వేరే. ఎవరైనా బయల్దేరి వెళ్తుంటే ఆవిడ చూసి తట్టుకోలేదు.

అందుకే రొంటిన పొడుం డబ్బా. ముక్కుపొడుం ఆవిడ సరదాకి పీల్చదు. ఇంట్లో ఎవరైనా చెప్పుల్లో కాళ్లు పెట్టారంటే చిటికెడు లోపలికి వెళ్తుంది. ఒకే ఒక్క తుమ్ము. ఒంటి తుమ్ము విని గడప దాటే మొనగాడు ఆ లంకల్లో ఇంకా పుట్టలేదు. చెప్పులు విప్పాలి, లోపలికి రావాలి, కూర్చుని మంచినీళ్లు తాగాలి. రెండో తుమ్ము వస్తే దోషం పోయినట్టే, ఇక బయల్దేరవచ్చు. ఆ రెండోదాన్ని ముక్కు దూలం దగ్గర పట్టి ఆపడంలో పేరంటాలమ్మది ఒక జీవితకాలపు సాధన. ఆవిడ ఆపిన బస్సులు ఆర్టీసీ వాళ్లు కూడా ఆపి ఉండరు.

ఆ తుమ్ము పని చెయ్యనిది ఒక్కసారే. కూతురు రాజ్యం కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన నాడు. వ్యాను డ్రైవరు చెవుల్లో పాటలు పెట్టుకుని ఉన్నాడు, తుమ్ము వినపడలేదు. అప్పటికి రాజ్యం కూతురు సత్యవేణి ఇంకా తల్లిపాలు మానలేదు. ఆ తర్వాత ఆ పిల్ల అన్నం వదిలేసి పచ్చి బియ్యం, బలపాలు, గోడ సున్నం తింటూ పెరిగింది. ‘ఒంట్లో రక్తం లేదు, ఇనుము తక్కువ, అందుకే నోరు మట్టి అడుగుతోంది’ అన్నారు డాక్టర్లు. ఆ మాట పేరంటాలమ్మ చెవిలో ఇప్పటికీ గింగిర్లు కొడుతూనే ఉంటుంది. వ్యాను ఒక్క నిమిషం ఆగి ఉంటే పిల్ల ఇంకో గుక్క తాగేది కదా అని ఆవిడ లెక్క.

“రక్తం బాగా తక్కువ,” అంది డాక్టర్ హైమావతి, సత్యవేణి కంటి కింది రెప్ప లాగి చూసి. “కాన్పు కూడా ముందే అయ్యేలా ఉంది. తీసుకెళ్లకండి, ఇక్కడే ఉంచండి.”

“పుట్టే బిడ్డకి కూడా దీని రక్తమేనా అమ్మా?” అంది పేరంటాలమ్మ. “అంటే... లేని రక్తమేనా?”

“అమ్మమ్మా, ఊరుకో,” అంది సత్యవేణి నీరసంగా.

“అడగనీ. మంచి మాటే అడిగారు,” అంది హైమావతి. “చూడండి మామ్మగారూ, బిడ్డకి ఇనుము దిగేది ఆఖరి నెలల్లో. ముందే పుట్టేస్తే ఆ వాటా అందదు. దానికి ఒక మంచి ఉపాయం ఉంది. బిడ్డ బయటికొచ్చాక కూడా బొడ్డుతాడు కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. వెంటనే కొయ్యకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగితే, మాయలో మిగిలిన రక్తం బిడ్డలోకి దిగుతుంది. ఆ రక్తమే దానికి కొన్ని నెలల ఇనుము. ఆ తర్వాత చుక్కల మందు ఎలాగూ వేస్తాం.”

“ఆగడమేనా?” పేరంటాలమ్మ మొహం వెలిగిపోయింది. “ఆగడం గురించి నాకు చెప్పాలా తల్లీ! ఆగండమ్మా, మీ ఇష్టం వచ్చినంతసేపు ఆగండి.”

“నాకూ ఆగాలనే ఉంది. ఆగిన రెండుసార్లూ మెమో ఇచ్చారు, బల్ల ఖాళీ చెయ్యలేదని. మూడోది వస్తే నన్ను ఎక్కడికో విసిరేస్తారు,” అని హైమావతి గోడకేసి చూపించింది. అక్కడ ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలున్నాయి. పేరంటాలమ్మ పైకి చదివింది: “ఆలస్యం... అమృతం... విషం.”

చదివి, డాక్టరమ్మ చూడకుండా కాస్త పొడుం పీల్చింది. వెనకనుంచి సిస్టర్ సలోమి వచ్చి డబ్బా లాక్కుంది. “ఏంటి మామ్మా ఇది? పసిపిల్లలుండే చోటు. ఇంటికెళ్లేటప్పుడు ఇస్తాను.” డబ్బా పోయింది గాని, కొంగు చివర ముడిలో ఎప్పుడూ ఉండే చిటికెడు సంగతి సలోమికి తెలియదు.

సరిగ్గా ఆ వారమే పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

మీటింగు హాలు నిండా పాత పథకాల కరపత్రాలు మూటలు కట్టి ఉండడం వల్ల, మీటింగులన్నీ వార్డు ముందు వరండాలోనే పెట్టేవారు. సత్యవేణి మంచం కిటికీ పక్కనే. కాబట్టి పేరంటాలమ్మ ఆహ్వానం లేకుండానే అన్ని మీటింగులకూ హాజరైంది.

“నవజాత శిశువుల నాభినాళ ఖండనము నందు తగు ఆలస్యము పాటించవలసినదిగా ఉన్నతాధికారులచే ఆదేశించబడినది,” అని సూపరింటెండెంటు వామనరావు గారు చదివి, కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నారు. “నా సర్వీసులో ఎన్నో పథకాలు చూశాను. వేగంగా చెయ్యండి, సకాలంలో చెయ్యండి, గడువులోగా చెయ్యండి. అన్నీ మన స్వభావానికి విరుద్ధం. ఇన్నాళ్లకు మన శాఖ బలాన్ని గుర్తించిన పథకం ఒక్కటి వచ్చింది.”

వరండా అంతా చప్పట్లు. కిటికీ లోపల పేరంటాలమ్మ కూడా కొట్టింది.

“అయితే ఇవాళ్టి నుంచే ఆగొచ్చా సార్?” అంది హైమావతి ఆశగా.

“తొందరపడకండి డాక్టరమ్మా! ఆలస్యం విషయంలో తొందర పనికిరాదు. మీ అంతట మీరు ఆగితే దాన్ని నిర్లక్ష్యం అంటారు. అనుమతితో ఆగితేనే అది పథకం అవుతుంది. అనుమతి ఇచ్చే అధికారి రావాలి, ఆయనకు గది కావాలి, గదికి బోర్డు కావాలి. అందాకా యథాపూర్వం.”

“యథాపూర్వం అంటే?” అని సత్యవేణిని అడిగింది పేరంటాలమ్మ.

“కోసేస్తారని,” అంది సత్యవేణి.

మర్నాడు పెయింటరు వచ్చి గోడ మీద ‘విషం’ అన్న మాట మీద సున్నం కొట్టేశాడు. ఇప్పుడు గోడ ‘ఆలస్యం అమృతం’ అంటోంది. పేరంటాలమ్మ దాన్ని రెండుసార్లు చదువుకుని, గోడకి కూడా బుద్ధి మారుతుందన్నమాట అని ఆశ్చర్యపోయింది.

ఆలస్య పర్యవేక్షణాధికారిగా కోదండపాణి గారు రావలసిన రోజున రాలేదు. దాంతో ఆయన అర్హత మీద ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఆయన అదివరకు వంతెనల శాఖలో పనిచేశారు. రేవులంక పాయ మీద ఆయన మొదలుపెట్టించిన వంతెన స్తంభాల మీద కొంగలు తరతరాలుగా కాపురాలు చేసుకుంటున్నాయి. ఆయనకు మేడమీద గది ఇచ్చారు. లిఫ్టు చీపుళ్లదీ ఫినాయిలుదీ కాబట్టి మెట్లే గతి, ఆయనవి మోకాళ్ల నొప్పులు.

“విధానం చాలా సులభం,” అని ఆయన వరండాలో వివరించారు. “బిడ్డ జన్మించిన వెంటనే సిస్టరు మేడమీదకు వచ్చి నాకు తెలియజేయాలి. నేను దిగి వచ్చి, పరిశీలించి, ‘ఆలస్యము ప్రారంభించవచ్చును’ అని చెబుతాను. నేను చెప్పకముందు గడిచిన కాలం ఆలస్యం కిందకు రాదు.”

“మీరు వచ్చేదాకా మేము ఆగి ఉంటాం కదండీ,” అంది హైమావతి. “ఆ ఆగడమే మాకు కావలసింది!”

“అది అనధికార విరామం. దానికి మెమో ఉంటుంది.”

“మరి ఆగకుండా కోసేస్తే?”

“కోసేస్తే తప్పేముంది? అది యథాపూర్వం. దానికి షీల్డు కూడా వచ్చింది కదా.”

ఆ సాయంత్రం పక్క మంచం ఆవిడను కాన్పుల గదికి తీసుకెళ్లారు. పేరంటాలమ్మ తలుపు దగ్గరే తచ్చాడుతోంది. బిడ్డ ఏడుపు వినిపించింది. కత్తెర కిర్రుమంది. ఆ తర్వాత ఒక్కసారిగా చప్పుడు లేదు. మాట లేదు, గిన్నె కదల్లేదు. పేరంటాలమ్మ ఇక ఉండబట్టలేక తలుపు తోసి తొంగి చూసింది. హైమావతి, సలోమి, ఆయా వరసగా తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. కోదండపాణి గారు తెర పక్కన గోడకేసి తిరిగి వాచీ చూసుకుంటున్నారు.

“అయ్యో, ఎవరు పోయారమ్మా?” అని గొల్లుమంది పేరంటాలమ్మ.

“ఎవరూ పోలేదు మామ్మా, అరవకు,” అంది సలోమి పెదవులు కదపకుండా. “ఆలస్యం పాటిస్తున్నాం.”

“కోసేశాకా?”

“ముందు పాటించడానికి అనుమతి లేదు. ఉత్తర్వులో పాటించమన్నారు గాని, ఎప్పుడు పాటించాలో రాయలేదట. అందుకని ఇలా సర్దుబాటు చేశారు సారు.”

“ఆలస్యము ముగిసినది,” అన్నారు కోదండపాణి గారు.

ఈ పద్ధతిలో ఆసుపత్రి నూటికి నూరు పాళ్లు ఆలస్యం సాధించింది. పక్క మంచం ఆవిడ బిడ్డ పాలిపోయిన మొహంతో మూలుగుతుంటే పేరంటాలమ్మ ఒకసారి ఆ బిడ్డనూ, ఒకసారి మనవరాలి కడుపునూ చూసి, కొంగు ముడి తడుముకుంది.

విజయం ఒక చోట ఆగదు. ఆలస్య విభాగం పేరు చెప్పి ఆసుపత్రి అంతా ఒళ్లు విరుచుకుంది. క్యాంటీను అతను టీ అడిగితే “బిడ్డల ఆరోగ్యం కోసం కాస్త ఓపిక పట్టండి” అనడం మొదలుపెట్టాడు. చీటీల గుమాస్తా పదకొండింటికి వచ్చి, “ఇనుము బాగా దిగిందమ్మా ఇవాళ” అని నవ్వాడు. ఊళ్లో బడిపిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టి, గడువు దాటాక ఇచ్చిన వాళ్లకే బహుమతులన్నారు. ఆ మాట తెలిసి అందరూ గడువు దాటాకే ఇవ్వడంతో, గడువు దాటడానికే ఒక గడువు పెట్టవలసి వచ్చింది. చివరికి ‘ఆలస్య వారోత్సవాలు’ ప్రకటించారు. ప్రారంభానికి ఎక్కడో ఉన్న జాయింట్ డైరెక్టరు గారిని పిలిచారు.

కాన్పుల గది ఎదుటి గదికి ‘ఆలస్య విభాగము’ అని బోర్డు పెట్టి, గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టారు. ఆ ఉదయం జాయింట్ డైరెక్టరు గారు ఎందుకో సమయానికి వచ్చేశారు. ఆలస్య వారోత్సవాలకు ముఖ్య అతిథి సమయానికి రావడం ఎంత అపశ్రుతి! వామనరావు గారు చేతులు జోడించి, “దయచేసి కాసేపు కారులోనే ఉండండి సార్, మేం సిగ్గుపడిపోతున్నాం” అని బతిమాలుకున్నారు. ఆయన పాపం ఎండలో కారులో కూర్చున్నారు.

అదే వేళకు సత్యవేణికి నొప్పులు మొదలయ్యాయి.

కాన్పులో తోడుగా ఒక ఆడమనిషి ఉండవచ్చన్న నియమం ఆ ఆసుపత్రిలో ఎందుకో అమలులోనే ఉంది. పేరంటాలమ్మ మనవరాలి తల దగ్గర నిలబడింది. మంచం పట్టీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

“అమ్మమ్మా, నువ్వు వణికితే మంచం ఊగుతోంది,” అంది సత్యవేణి పళ్ల బిగువున.

“నేను కాదే, మంచమే వణుకుతోంది. పాతది.”

“డాక్టరుగారూ, ఈవిణ్ణి... అబ్బా... ఈవిణ్ణి కూర్చోపెట్టండి.”

జాయింట్ డైరెక్టరు గారిని కారులోంచి దింపి తెచ్చి, బయట రిబ్బను ముందు అందరూ చేరారు. కాన్పుల గది తలుపు తెరిచే ఉంది, తెర ఒక్కటే అడ్డం. సలోమి తెర పక్కకు వెళ్లి చెప్పింది: “సార్, బిడ్డ వచ్చేస్తోంది. నెలలు నిండని బిడ్డ, రక్తం లేని తల్లి. డాక్టరుగారు ఆగడానికి అనుమతి అడుగుతున్నారు. ఇప్పుడే చెప్పెయ్యండి, మేడ దిగే పని కూడా లేదు.”

“ఇక్కడ ఒక సాంకేతిక ఇబ్బంది ఉన్నది,” అన్నారు కోదండపాణి గారు. “పై అధికారి ప్రాంగణంలో ఉండగా నేను అనుమతి ఇవ్వడం అధికార అతిక్రమణ అవుతుంది. ఇప్పుడు అనుమతి వారే ఇవ్వాలి.”

“నేనా?” అన్నారు జాయింట్ డైరెక్టరు గారు. “నేను ముఖ్య అతిథిగా వచ్చాను. ముఖ్య అతిథికి కత్తిరించే అధికారమే గాని, కత్తిరించకుండా ఆపే అధికారం లేదు. సూపరింటెండెంటు గారే చూడాలి.”

“నేను అధ్యక్షుణ్ణి. అధ్యక్షుడు ఆఖరున మాట్లాడాలి,” అన్నారు వామనరావు గారు. “పోనీండి సార్, అనుమతి లేనందున నిబంధన ప్రకారం వెంటనే కోసెయ్యమందాం. ఆలస్యం తర్వాత పాటిద్దాం. ఇవాళ అందరం ఉన్నాం, నిండుగా కూడా ఉంటుంది.”

ఆ మాట పూర్తయ్యేలోగా బిడ్డ వచ్చేసింది.

పిడికెడు పిల్ల. హైమావతి గబగబా తుడిచి, తల్లి పొట్ట మీద పడుకోబెట్టి, వెచ్చటి గుడ్డ కప్పింది. పిల్లికూనలా ఒక ఏడుపు ఏడ్చింది. ఊపిరి బాగానే ఉంది గాని, ఒంటికి రంగు లేదు, తడి కాగితంలా ఉంది. పేరంటాలమ్మ బిడ్డ మొహం చూడలేదు. ఆవిడ కళ్లు తాడు మీదే ఉన్నాయి. నీలంగా, లావుగా, మెలికలు తిరిగిన తాడు. అది కొట్టుకుంటోంది. కదిలిపోయే బండి కిటికీలోంచి ఎవరో ఇంకా చెయ్యి ఊపుతున్నట్టు కొట్టుకుంటోంది.

“తక్షణమే ఖండించవలసినది!” అని తెర అవతల నుంచి వామనరావు గారి గొంతు.

హైమావతి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. “మామ్మగారూ, ఏం అనుకోకండి. మూడో మెమో వస్తే ఈ మాత్రం చూసేవాళ్లు కూడా ఇక్కడ ఉండరు,” అని కత్తెర అందుకుంది.

పేరంటాలమ్మ కొంగు ముడి ఎప్పుడు విప్పిందో ఆవిడకే తెలియదు.

“హా... ఛ్!”

గదిలో గిన్నెలు మోగాయి. హైమావతి చేతిలో కత్తెర గాలిలో ఆగిపోయింది. పట్నంలో చదువుకున్న చెయ్యి, అయినా ఆ చేతిని పెంచింది ఏ అమ్మమ్మో కదా. సలోమి “ప్రభువా” అని వెనక్కి జరిగింది.  తెర అవతల నుంచి జాయింట్ డైరెక్టరు గారి గొంతు, ఈసారి అందులో ఉత్తర్వుల భాష లేదు.

“ఎవరది? ఒకటేనా? రెండోది పడిందా?”

“ఒకటేనండీ,” అంది సలోమి.

“అయితే ఆపండి! ముందు ఆపమ్మా! పుట్టీ పుట్టగానే ఒంటి తుమ్ము మీద బొడ్డు కోస్తారా? మీ ఇళ్లల్లో పిల్లలు లేరూ?”

“సార్, అనుమతి...” అన్నారు కోదండపాణి గారు.

“అనుమతేంటయ్యా, తుమ్ముకి అనుమతేంటి! కూర్చోండి అందరూ. నించున్న వాళ్లు నించున్నట్టు ఉండకూడదు. మంచినీళ్లు తెప్పించండి.”

కుర్చీలు బరబరా లాగిన చప్పుడు. గ్లాసుల చప్పుడు. ఆ ఆసుపత్రిలో అడిగిన వెంటనే మంచినీళ్లు రావడం అదే మొదలు. వామనరావు గారు కూర్చున్నారు, కోదండపాణి గారు కూర్చున్నారు, చీటీల గుమాస్తా కూడా వచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

లోపల పేరంటాలమ్మ ప్రాణం ముక్కులోకి వచ్చింది. పొడుం ఘాటు నషాళానికి ఎక్కింది. రెండో తుమ్ము బయల్దేరి వస్తోంది. అది గాని పడిందా, దోషం పోయినట్టే, బయటి వాళ్లు కానివ్వండి అంటారు. ఆవిడ కొంగు ముక్కుకి అదిమి పట్టి, ఊపిరి బిగబట్టింది. కళ్లలోంచి నీళ్లు ధారలు కట్టాయి.

“ముత్తవ్వ అయ్యావుగా, ఏడవకు అమ్మమ్మా,” అంది సత్యవేణి మెల్లగా.

హైమావతి తల తిప్పి చూసింది. ముసలమ్మ వేళ్లకు అంటుకున్న గోధుమరంగు పొడిని చూసింది. అర్థమైపోయింది. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటూ, “ఇంకాస్త, మామ్మగారూ. ఇంకాస్త పట్టండి,” అంది.

“ఊఁ,” అంది పేరంటాలమ్మ. అంతకంటే నోరు తెరిస్తే ప్రమాదం.

ఎన్ని బస్సులు ఆపింది ఆవిడ! అన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తాడు కొట్టుకుంటూనే ఉంది. మెల్లగా నీలం తగ్గింది. లావు తగ్గింది. బిడ్డ పెదవుల దగ్గర మొదలై, చెంపల మీదకి, అరికాళ్లలోకి ఎర్రదనం పాకింది, తెల్లటి గుడ్డ మీద చుక్క కుంకం నీళ్లు పడి విచ్చుకున్నట్టు. హైమావతి తాడు మీద రెండు వేళ్లు వేసి చూసింది. ఇంకొంచెం చూసింది.

“ఆగిపోయింది. ఇవ్వవలసింది ఇచ్చేసింది,” అంది. “ఇక మీ ఇష్టం, మామ్మగారూ.”

అంతసేపు బంధించిన తుమ్ము మామూలుగా రాలేదు. తెర ఎగిరి కోదండపాణి గారి మొహానికి చుట్టుకుంది. వామనరావు గారి చేతిలో నీళ్లు ఒలికాయి.

“రెండోది!” అని జాయింట్ డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. “శుభం! కానివ్వండి!”

కత్తెర కిర్రుమంది. పేరంటాలమ్మ అలవాటు ప్రకారం గుండె పట్టుకుంది. గుండె ఏమీ అదరలేదు. తెల్లగా, ఖాళీగా వేలాడుతున్న ఆ తాడును చూసి, అందులో ఇంక ఎవరూ లేరని ఆవిడకు తెలిసింది.

సహజంగానే విచారణ జరిగింది. ముందస్తు అనుమతి లేకుండా బొడ్డు కొయ్యడం ఎందుకు ఆగిందని హైమావతిని అడిగారు.

“నేను ఆపలేదండి. తుమ్ము ఆపింది. జాయింట్ డైరెక్టరు గారు స్వయంగా కూర్చున్నారు,” అందామె.

జాయింట్ డైరెక్టరు గారు తాను మూఢనమ్మకంతో కూర్చున్నానని రాసుకోలేరు. కాబట్టి తుమ్మును శాస్త్రీయ విధానంగా గుర్తించవలసి వచ్చింది. కొద్ది నెలల్లోనే ఉత్తర్వు దిగింది: ‘ప్రతి ప్రసవ కేంద్రము నందు ఒక క్షవథు సహాయకుని నియమించవలెను. క్షవథు అనగా తుమ్ము. అభ్యర్థి ఒక్కసారి మాత్రమే తుమ్మగల సామర్థ్యము కలిగి, తత్సంబంధిత ధ్రువపత్రము జతపరచవలెను. ముక్కుపొడుము టెండరు ద్వారా కొనుగోలు చేయవలెను.’ కోదండపాణి గారి గది బోర్డు మళ్లీ రాయించారు. తుమ్ముకు అనుమతి ఆయనే ఇవ్వాలి గాని, తుమ్ము అనుమతి కోసం ఆగదని ఆయనకు ఇంకా బోధపడలేదు. అర్హులు దొరకలేదు. టెండరు తేలలేదు.

ఉద్యోగం భర్తీ అయ్యేదాకా తాత్కాలిక ఏర్పాటు అని, సలోమి ఒక పొడుం డబ్బా తన కోటు జేబులో వేసుకుంది. పసిపిల్లలుండే చోటని వరండా చివరకు పరుగెత్తి, అక్కడే పీల్చి, తలుపు దగ్గరకొచ్చి తుమ్మేది. అది ఎవరి డబ్బాయో చెప్పనక్కర్లేదు. ఇంటికెళ్లేటప్పుడు పేరంటాలమ్మ అడగనూ లేదు, సలోమి ఇవ్వనూ లేదు. ఆ కాన్పుల గదిలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఇప్పుడు ఒక తుమ్ము వాటా ఉంది. ఆసుపత్రికి మళ్లీ షీల్డు ప్రకటించారు. ఇంకా రాలేదు.

చుక్కల మందు తాగుతూ చిన్నది ఒళ్లు చేసింది. చూపించడానికి మళ్లీ ఆసుపత్రికి తీసుకొచ్చారు. హైమావతి చిట్టి కంటి రెప్ప కిందికి లాగి, “చూడండి మామ్మగారూ, దానిమ్మ గింజలా ఉంది. చుక్కలు మాత్రం చెప్పేదాకా మానకండి,” అంది.

సత్యవేణి భర్త గంగరాజు ఆటో తెచ్చి మెట్ల కింద ఆపాడు. అతనికి చేపల చెరువుల మీద పని. అటునుంచి అటే తల్లినీ పిల్లనూ తన ఊరు తీసుకెళ్లడానికి వచ్చాడు. సంచులు ఎక్కాయి. చుక్కల సీసా సత్యవేణి చేతిలో భద్రంగా ఉంది. కోదండపాణి గారు మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగుతున్నారు, వామనరావు గారు ఏదో కాగితం మీద సంతకం పెట్టబోతున్నారు, గుమాస్తా అప్పుడే వస్తున్నాడు.

“వెళ్లొస్తాం అమ్మమ్మా,” అంది సత్యవేణి.

పేరంటాలమ్మ చెయ్యి కొంగు ముడి దగ్గరకు వెళ్లింది. గంగరాజు చూశాడు. “అమ్మమ్మగారూ, వద్దండి బాబూ. మీకు దణ్ణం పెడతాను. చీకటి పడితే పిల్లకి చలిగాలి.”

“లేదు నాయనా, వెళ్లిరండి,” అంది పేరంటాలమ్మ. తాడు కొట్టుకుంటున్నంతసేపే పట్టుకోవాలి, ఆగిపోయాక పట్టుకుంటే అది ఉట్టి తాడే కదా అనుకుంది. అనుకున్నది నిజమని తనకు తానే రుజువు చూపించుకోవడానికి కొంగు ముడి విప్పి, అందులోని చిటికెడూ దులిపేసింది.

గాలి ఆటో వైపు తిరిగింది.

“చ్ఛీ!”

ఎంతో చిన్న తుమ్ము. అయినా ఒంటిది. “చిరంజీవ!” అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఆటో అతను ఎవరూ చెప్పకుండానే ఇంజను ఆపేశాడు. కోదండపాణి గారు దిగుతున్న మెట్టు మీదే చతికిలబడ్డారు. వామనరావు గారు కలం మూసేశారు. గుమాస్తా వచ్చినవాడు వచ్చినట్టే బల్ల మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

“అమ్మమ్మగారూ!” అన్నాడు గంగరాజు ఏడుపు మొహంతో.

“నేనెక్కడ తుమ్మాను బాబూ? మీ అమ్మాయే,” అంది పేరంటాలమ్మ. నిజానికి ఆవిడ కూడా హడలిపోయి ఉంది. చప్పున చిన్నదాని మొహం కొంగుతో తుడిచి, ఆటోలో మనవరాలి పక్కన సర్దుకుని కూర్చుంది.

రెండో తుమ్ము ఎప్పుడు పడుతుందా అని ఆసుపత్రి ఆసుపత్రంతా ఆ చిట్టి ముక్కు వైపే చూస్తోంది. చిన్నది అందరినీ ఒక్కొక్కరినే కలయజూసింది, బోసినోటితో నవ్వింది, ముత్తవ్వ కొంగు గుప్పిట్లో పట్టుకుంది. ఆ ఆసుపత్రిలో పుట్టిన పిల్ల కదా, దానికేం తొందర లేదు.